జనవరి తొమ్మిది అమ్మాయి

షికాగో
జూన్ 3, 2004

ప్రియమైన లోలా,

అమ్మమ్మా, దీవెన కోసం మీ చెయ్యి నా నుదుటికి ఆనించుకున్నాననే అనుకోండి. ఫోనులో సగం మాటలు దారిలోనే పడిపోతాయని మీరంటారు కదా, అందుకని ఈ మూడు వారాల సెలవులో మీకు ఉత్తరాలే రాస్తాను. మీరు వినికిడి మిషను పెట్టుకోనందుకు నాకు పడ్డ శిక్ష ఇది.

డోరీన్ ఇంట్లో దిగాను. చదువుకునే రోజుల్లో నాతోపాటు పళ్ళ డాక్టరు దగ్గర పని నేర్చుకున్న డోరీనే. ఆమె పొద్దున్నే పనికి పోతుంది కాబట్టి పగలంతా ఊరు నాది. తాతయ్య, అదే మన లోలో, రాసుకున్న నోటుబుక్కు జిరాక్సులు సంచిలో పెట్టుకుని ఆయన నడిచిన దారిలోనే నడుస్తున్నాను. పేజీ పైన ఎవరిదో పేరు, కింద భవనాల పేర్లు, పక్కన అంకెలు. బారులో పనికి పోతూ వస్తూ ఏ భవనం ఎన్నిసార్లు చూశాడో రాసుకున్నాడని అమ్మ అంటుంది. అంత భవనాల పిచ్చి ఉన్న మనిషే, నాకూ ఆయన దగ్గరే అంటింది.

ఇవాళ నాలుగు చూశాను. మొనాడ్‌నాక్ ముదురు గోధుమరంగు, ఒక్క పువ్వు గాని తీగ గాని లేదు, కింద గోడల మందం నా ఎత్తంత ఉంటుంది. రిగ్లీ అంతా తెల్ల పెంకు. దాన్ని కడిగి కడిగి పెడతారట, నా పేషెంట్లందరినీ తెచ్చి, పళ్ళు ఇలా ఉంచుకోవాలని చూపించాలనిపించింది. ఫిషర్ పసుపూ నారింజా కలిసిన రంగు, ఒళ్ళంతా గరుకుగా చెక్కుళ్ళు. నాకన్నిటికంటే నచ్చింది రూకరీ. బయట నుంచి చూస్తే గోధుమరంగు రాళ్ళతో మొరటుగా, పాత జైలులా ఉంటుంది. తలుపు తోసుకుని లోపలికి వెళితే తెల్లటి పాలరాయి, పైన గాజు కప్పు, ఒకటే వెలుతురు. ఆ గడపలో నిలబడి నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరిగాను. కాపలా ఆయన "ఏమైనా పోగొట్టుకున్నావా అమ్మా?" అని అడిగాడు.

సాయంత్రం ఐదింటికి డోరీన్‌తో దీవుల అలంకారం చేసే టికీ బారుకి వెళ్ళాను. కోప్పడకండి, లోలో నలభై ఏళ్ళ వయసు దాకా నిలబడి పనిచేసినటువంటి చోటు ఎలా ఉంటుందో చూడాలి కదా. ఆయన పనిచేసిన బారు ఇప్పుడు లేదు, ఆ హోటలు నేలమాళిగలో కార్లు పెడుతున్నారు. ఇది వేరేది. వెదురు గోడలు, పొట్టలో దీపం పెట్టిన ముళ్ళ చేప, నోరు తెరిచిన చెక్క మొహాలు. పూల చొక్కా వేసుకున్న గడ్డం ఆయన మంట వెలిగించిన గ్లాసు తెచ్చి పెట్టాడు. "ఇది ఏ దీవి?" అని అడిగితే "అన్నీ కలిపి అండీ" అన్నాడు. అలాంటి దీవిలో మన వాళ్ళెవరూ పుట్టలేదు గాని గ్లాసు మాత్రం బావుంది.

ఇక రాయి సంగతి. ఇరవై ఏడున లోలో పోయి ఏడాది. ఏడాది దుఃఖం విడిచే బాబాంగ్ లుక్సా నాడు మీరు నల్లబట్టలు విప్పేశాక ఫాదర్ ఒచోవా సమాధి రాయిని దీవిస్తారని అమ్మ చెప్పింది. రాయి మీద లోలో పక్క సగం ఖాళీగా ఉంది. అక్కడ మీ పేరు, పుట్టిన ఏడాది చెక్కాలా అని రాయి చెక్కే బెల్ట్రామే గారు మళ్ళీ అడిగారట. ఇరవై ఒకటిలోగా చెప్పాలి. అమ్మ మిమ్మల్ని అడగడానికి భయపడి ఆ పని నాకు అప్పజెప్పింది. ఎందుకు లోలా ఇంత ఆలోచిస్తున్నారు?

మీ మనవరాలు
లిగాయా


వయెహో
జూన్ 7

ఇహా లిగాయా, నా చిట్టితల్లీ,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. మంటలు వెలిగించిన గ్లాసుల దగ్గర జుట్టు ముడేసుకుని కూర్చో.

మీ అమ్మకి నేనంటే భయమా? ఆ భయం నా మందుల పెట్టె సర్దేటప్పుడు ఎక్కడికి పోతుందో. నిమ్మచెట్టు ఈసారి విరగకాసింది. పక్కింటి వాళ్ళ కుక్క ఇంకా బతికే ఉంది. నా మోకాలు అలాగే ఉంది.

నువ్వు అడిగినదానికి చెబుతాను, మీ అమ్మకి చెప్పకు. చెబితే నిన్నూ ఆ డోరీన్‌నీ ఇద్దర్నీ ఉతుకుతాను.

ఆ నోటుబుక్కు మీ లోలో బూట్ల పాలిష్ పెట్టెలో అడుగున దొరికింది నాకు. చూసినవి రాసుకునేవాడు దాన్ని బల్ల మీద పెడతాడు. పాలిష్ పెట్టె అడుగున పెట్టేవాడు ఎందుకు పెడతాడు? మీరంతా భవనాలు చూశారు. నేను పైన పేర్లు చూశాను. మిసెస్ హాలండ్. కవలలు. ఎర్రచేతుల మిల్డ్రెడ్. చివరి పేజీ నువ్వు చూశావో లేదో, "జనవరి తొమ్మిది అమ్మాయి" అని ఉంటుంది. ఏడాది కూడా వేశాడు, 1957.

నేను షికాగోలో దిగింది 1957 జనవరి పదకొండున. పుట్టినరోజు మర్చిపోయినా అది మర్చిపోను. ఓడ దిగి రైలెక్కాను. నెబ్రాస్కాలో మంచు పడి రైలు ఒక బయలులో ఆగిపోయింది, రెండు రాత్రులు. నా దగ్గర ఉన్నది ఫిలిప్పీన్స్‌లో మా బటాంగాస్ నుంచి తెచ్చుకున్న పల్చటి కోటు. ఎదురు సీటు ముసలావిడ తన శాలువా సగం నాకు కప్పింది. చివరికి స్టేషన్లో దిగితే మీ లోలో చేతిలో ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వేడి కాఫీ అనుకుని ఆబగా తాగాను. మంచులాంటి చల్లటి పానీయం ఇహా, చలికి ఒణుకుతున్న దానికి. అక్కడే ఏడ్చాను. రెండేళ్ళు ఉత్తరాల్లో ప్రేమించిన మనిషికి ఇంత బుర్రలేదా అని.

ఆ తరవాత ప్రతి జనవరి పదకొండున వంటగది తలుపు వేసుకుని అదే చేసి ఇచ్చేవాడు. మందు చుక్క నేను ముట్టనని తెలుసు, అందులో ఉండేది కాదు. ఎలా చేస్తావంటే "అది దుకాణం రహస్యం పూరింగ్" అనేవాడు. నలభై ఆరు ఏళ్ళు తాగాను. ఈ జనవరిలో మొదటిసారి తాగలేదు.

ఇప్పుడు చెప్పు. నేను పదకొండున దిగితే, రెండు రోజుల ముందు తొమ్మిదిన ఉన్న అమ్మాయి ఎవరు? వీడ్కోలు చెప్పడానికి వచ్చిందా? ఆ పేజీలో "రూకరీ రెండు, ఫిషర్ ఒకటి, రిగ్లీ ముప్పావు" అని రాసి, కింద "మొనాడ్‌నాక్ లేదు, కార్బైడ్ లేదు" అని కూడా రాసుకున్నాడు. ఎక్కడెక్కడ కలిశారో, ఎక్కడ కుదరలేదో. ఆయన బతికుంటే కాలర్ పట్టుకుని అడిగేదాన్ని. పోయినవాడిని ఎలా అడగను? ఆ సగం రాయి ఖాళీగా ఉంది గదా, ఆవిడే వచ్చి పడుకోనీ.

నువ్వు గోడలు చూడ్డానికి పోయావు. ఆ గోడల లోపల ఎవరు ఉండేవారో కనుక్కుని రాయి.

లోలా పూరింగ్

తా.క. ఫాదర్ ఒచోవాకి ఇవేమీ తెలియవు. పాప సంకీర్తనంలో చెప్పలేదు. నా పాపం కాదు కదా.


షికాగో
జూన్ 10

ప్రియమైన లోలా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, రెండోసారి కొంచెం, మూడోసారి నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ ఇది ఒక్కరే మోశారా?

సరే, గూఢచారి పని మొదలుపెట్టాను. మొనాడ్‌నాక్, ఫిషర్, రూకరీ, రిగ్లీ అన్నీ ఆఫీసులే. వకీళ్ళు, బీమా కంపెనీలు, టోపీలు అమ్మే కొట్టు. అమ్మాయిలు కాపురముండే చోట్లు కావు, అక్కడికి మనసు కుదుటపరచుకోండి. (ఫిషర్‌లో మాత్రం ఇప్పుడు కొన్ని ఇళ్ళున్నాయి, కానీ అవి ఈ మధ్య కట్టినవే.)

నాకు కొరుకుడు పడనిది అంకెలు. ఎన్నిసార్లు వెళ్ళాడో రాసుకున్నాడనుకుంటే "రిగ్లీ ముప్పావు" ఏమిటి? ఒక భవనానికి ముప్పావుసారి ఎలా వెళతారు? మెట్ల మీంచి వెనక్కి వచ్చేశాడా? రాత్రి భోజనం దగ్గర డోరీన్ అంది, "అవి గంటలేమో, ముప్పావు గంట, గంటన్నర" అని. అది కుదురుతుంది. అంటే రిగ్లీ ముందు ముప్పావు గంట కూర్చుని చూశాడన్నమాట. నేనూ అంతే కూర్చుంటాను.

గంటలైతే అన్నిటికంటే ఎక్కువ కార్బైడ్‌లోనే గడిపాడు. మిసెస్ హాలండ్ పేజీలో "కార్బైడ్ ఆరు" అని ఉంది. అందుకని ఇవాళ అక్కడికే వెళ్ళాను. ముదురు ఆకుపచ్చ భవనం, పైన బంగారు కొస, బిరడా పెట్టిన సీసాలా నిలబడి ఉంటుంది. అది హోటలు. గదులు చూపించమంటే ఆ అమ్మాయి చూపించింది కూడా. ఆరు గంటలు చూసేంత అందం బయటే ఉంది గాని లోపల గదులు మామూలే.

బార్లలో అడుగుతున్నాను, పాతకాలం మనవాళ్ళు ఎవరైనా మిగిలారేమో అని. ఆ రోజుల్లో పూల చొక్కాలు వేసుకుని పానీయాలు కలిపింది సగానికి సగం మన ఫిలిప్పీన్స్ వాళ్ళేనట, దీవులవాళ్ళని చెప్పి నిలబెట్టేవారట. విమానాశ్రయం దారిలో ఒక పాత బారుంది, అక్కడ ప్రతి మంగళవారం ఒక ముసలాయన వచ్చి కూర్చుంటాడని గడ్డం ఆయన చెప్పాడు. వచ్చే మంగళవారం వెళతాను.

అందాకా బెల్ట్రామే గారికి ఏమీ చెప్పకండి.

లిగాయా


వయెహో
జూన్ 14

లిగాయా,

హోటలు. ఆరు గంటలు. మిసెస్ హాలండ్.

గదులు మామూలుగా ఉన్నాయని రాశావు, చాలా సంతోషం.

నువ్వు ఇంకేమీ వెతకనక్కర్లేదు. పొద్దున బస్సెక్కి బెల్ట్రామే దగ్గరికి పోయాను. ఆ సగం అలాగే నున్నగా ఉంచమన్నాను. "అమ్మా, తరవాత చెక్కాలంటే రాయి పీకి తేవాలి, కష్టం" అన్నాడు. "కష్టం నీది కాదు" అన్నాను. మా చెల్లెలు ఇసింగ్ సమాధి పక్కన జాగా ఉందేమో కూడా అడిగి వచ్చాను. ఉంది. ఇసింగ్ నిద్రలో గురక పెట్టేది, అయినా ఆవిడ ఎక్కడికి వెళ్ళిందో నాకెప్పుడూ తెలుసు.

మీ అమ్మ ఏడుస్తోంది. ఎందుకిలా చేశానో చెప్పలేదు నేను. తండ్రి మీద ప్రేమ ఎందుకు పాడుచెయ్యాలి? నా మీద కోపంగా ఉంటే ఉండనీ.

నలభై ఆరు ఏళ్ళు ఇహా. ఆయన బట్టలు మడతపెట్టాను, గడ్డం గీశాను, చివరి ఆర్నెల్లు చెంచాతో తినిపించాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా. కోప్పడేదాన్ని, రెండు రోజులు మాట్లాడేదాన్ని కాదు, తరవాత గంజి పెట్టేదాన్ని.

సెలవు హాయిగా గడుపు. చలికోటు మర్చిపోకు, సరస్సు గాలి మంచిది కాదు.

పూరింగ్


షికాగో
జూన్ 15, మంగళవారం

లోలా, లోలా, లోలా,

కుర్చీలో కూర్చుని చదవండి. కళ్ళజోడు పెట్టుకోండి.

సాయంత్రం నాలుగింటికి ఆ బారుకి వెళ్ళాను. మూలన ఎత్తు కుర్చీ మీద ఎనభై దాటిన ఆయన, ఇస్త్రీ చొక్కా, ముందు మంచినీళ్ళు. కలిపేవాళ్ళు గ్లాసు ఊపే చప్పుడు విని "ఇంకా నాలుగు ఊపులు" అని అరుస్తున్నాడు. పేరు నాండింగ్ అబ్రెనికా. పెద్దాయన కదా, మాంగ్ నాండింగ్ అని పిలిచి చెయ్యి నుదుటికి ఆనించుకున్నాను. ఎవరి పిల్లవని అడిగాడు. ఆన్సెల్మో దిమకులాంగన్ మనవరాలినన్నాను.

"సెల్మో మనవరాలివా! 1960లో నాకు పని నేర్పింది ఆయనే. నిమ్మకాయ తప్పుగా కోస్తే చేతి మీద చెంచాతో కొట్టేవాడు. ఇంకా ఉన్నాడా?"

లేడని చెప్పాను. అప్పుడు జిరాక్సులు తీసి ముందు పెట్టి, ఈ భవనాలకి ఎవరితో వెళ్ళేవాడో మీకేమైనా తెలుసా అని అడిగాను. ఆయన ఒక పేజీ చదివాడు, రెండోది చదివాడు, ఎత్తు కుర్చీ మీంచి పడతాడేమోనని నేను పట్టుకోవలసి వచ్చింది. అంత నవ్వాడు.

"పిచ్చిదానా, భవనాలేమిటి? ఇవి కలిపే లెక్కలు!"

లోలా, అవి పానీయాలు. ఆ రోజుల్లో యజమాని సీసాల మీద పేర్లు చింపేసి అంకెలు అంటించేవాడట, పనివాడు ఎదురు దుకాణానికి పోతే రహస్యం పట్టుకుపోకుండా. పనివాళ్ళు ఊరుకుంటారా, ఎవరికి వాళ్ళు దొంగ పేర్లు పెట్టుకుని రాసుకునేవారు. మాంగ్ నాండింగ్ తన మేనత్తల పేర్లు పెట్టుకున్నాడట. లోలో పనికి పోయే దారిలో కనబడే భవనాలు పెట్టుకున్నాడు. ఆ పుస్తకాన్ని అందరూ దాచేవారు, బూట్ల పెట్టెల్లో, బియ్యం డబ్బాల్లో, ఈయనైతే పిల్లల ఉయ్యాల కింద.

పైన పేర్లు గిరాకీలవి. మిసెస్ హాలండ్ శుక్రవారాలు వచ్చే ముసలావిడ, ఆమె పేరు మీద ఒక గ్లాసు. అంకెలు ఔన్సులు. రిగ్లీ అంటే చక్కెర పాకం, తెల్లగా ఉంది కాబట్టి. మొనాడ్‌నాక్ అంటే ముదురు రమ్ము. ఫిషర్ అంటే అనాసరసం. కార్బైడ్ అంటే సోంపు వాసన వచ్చే ఆకుపచ్చ మందు, అదొక్కటే చుక్కల్లెక్క. "ఆరు చుక్కలు. ఏడోది పడిందంటే సెల్మో గ్లాసు పారబోయించేవాడు" అన్నాడు.

ఒక్కటి మాత్రం ఆయనకీ అంతుపట్టలేదు. రూకరీ. అడిగితే లోలో నవ్వి ఊరుకునేవాడట. దాల్చినచెక్క అన్నాడు, కాదు మిరియం అన్నాడు, రెండు ఔన్సుల మిరియం ఎవరు తాగుతారు అని తనే అన్నాడు. బారంతా వచ్చి మీద పడ్డారు. ఒకరు తేనె అన్నారు, ఒకరు అల్లం అన్నారు. అన్నీ కలిపి రుచి చూశాం, ఒక్కటీ నిలవలేదు.

ఇక చివరి పేజీ. మాంగ్ నాండింగ్ దాన్ని చాలాసేపు చూశాడు. "ఇది నేను రాకముందుది, ఆ అమ్మాయెవరో నాకు తెలీదు ఇహా. కానీ ఒకటి చెబుతా. రమ్ము దుకాణంలో మొనాడ్‌నాక్ లేదు, కార్బైడ్ లేదు అని రాసుకున్నాడు చూశావా? ఎవరికోసం చేశాడో గాని, చుక్క మందు తాగని మనిషికోసం చేశాడు."

నాకు ఒకరు తెలుసనిపిస్తోంది. కానీ తేదీ కుదరడం లేదు. మీరు దిగింది పదకొండున కదా?

లిగాయా


షికాగో
జూన్ 18

లోలా,

మీ పద్నాలుగో తారీకు ఉత్తరం ఇప్పుడే వచ్చింది. ఆ హోటలు ఈ ఏడాదే తెరిచారు! లోలో కాలంలో అది ఒక కంపెనీ ఆఫీసు. ఆ ముక్క రాయడం మర్చిపోయినందుకు నన్ను చెంచాతో కొట్టండి. పదిహేనో తారీకు ఉత్తరం అందే ఉంటుంది, అంది ఉంటే వెంటనే బెల్ట్రామే గారి దగ్గరికి వెళ్ళండి. అమ్మకి ఫోను చేశాను, మీరు ఇంట్లో లేరంది, ఎక్కడికి వెళ్ళారో చెప్పలేదంది. ఇసింగ్ లోలా పక్క జాగాకి సంతకం మాత్రం పెట్టకండి.

లిగాయా


వయెహో
జూన్ 19

ఇహా,

నీ పదిహేనో తారీకు ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. కుర్చీలోనే కూర్చుని చదివాను.

షికాగో బారులో అంతమంది కూర్చుని రూకరీ కనిపెట్టలేకపోయారా? ఆ నాండింగ్‌ది ఏ ఊరు, కొండల్లోదా? నువ్వే రాశావు కదే మొదటి ఉత్తరంలో. బయట గోధుమరంగు, మొరటు. తలుపు తీస్తే లోపలంతా తెలుపు. మా బటాంగాస్‌లో పాలుతాగే పిల్లని అడిగినా చెబుతుంది.

కొబ్బరికాయ.

నిన్ననే అంగడికి పోయి ఒకటి తెచ్చాను. మీ అమ్మ "ఈ వయసులో కత్తి ఎందుకమ్మా" అంటున్నా వినలేదు, గుమ్మం మీద కొట్టాను. పాలు తీశాను. రూకరీ రెండు, ఫిషర్ ఒకటి, రిగ్లీ ముప్పావు. చిట్టి గ్లాసుతో కొలిచి, ఐసు వేసి, ఫ్లాస్కులో పోసి ఊపాను. నాలుగు ఊపులు ఎక్కువే ఊపాను. తాగాను.

అదే ఇహా. వంటగదిలో నిలబడి ఏడ్చాను, మీ అమ్మ చెయ్యి తెగిందనుకుని గుడ్డ తెచ్చింది. తరవాత తనకీ ఒక గ్లాసు పోసి, అన్నీ చెప్పాను.

తేదీ సంగతి. తేదీ కుదరలేదని నువ్వు రాశావు. నాకూ ఏడాదిగా కుదరలేదు, ఎందుకంటే నేను దిగిన రోజే లెక్కపెట్టాను. నిన్న ఆ గ్లాసు తాగాక నా పాత సూట్‌కేసు తీశాను. రైలు టిక్కెట్టు అట్ట దాని జేబులో ఇంకా ఉంది. షికాగో చేరేది జనవరి తొమ్మిది, మధ్యాహ్నం రెండూ పది.

మంచులో పడి రెండు రోజులు పోగొట్టుకున్నది నేను. ఆయనకి ఎవరు చెబుతారు? తొమ్మిదిన పానీయం కలిపి పేరు పెట్టి పుస్తకంలో రాసుకుని స్టేషనుకి వచ్చాడు. నేను రాలేదు. పదిన మళ్ళీ కలుపుకుని వచ్చి ఉంటాడు. పదకొండున నేను దిగి, ఆయన మొహం మీదే, "చల్లటిది తెచ్చావేంటి, బుర్ర లేదా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఎప్పుడూ అనలేదు. నా కోపానికి భయపడో, నేను సిగ్గుపడతానని జాలిపడో.

ఆ అమ్మాయిని ఏడాదంతా తిట్టాను. తెలిసిన తిట్లన్నీ అయిపోయి మా అమ్మ తిట్లు కూడా వాడాను. అన్నీ నాకే తగిలాయి, తగలాల్సిందే.

పొద్దున మొదటి బస్సుకే బెల్ట్రామే దగ్గరికి పోయాను. ఇసింగ్‌కి చెప్పు, ఒక్కతే గురక పెట్టుకోమని. నా పేరు చెక్కమన్నాను, పుట్టిన ఏడాది చెక్కమన్నాను. మా ఇద్దరి పేర్ల మధ్య పెళ్ళి తేదీ ఉండాలి కదా, ఫిబ్రవరి రెండు. దాని బదులు జనవరి తొమ్మిది, 1957 అని చెక్కమన్నాను. "పెళ్ళి కాగితంలో వేరే ఉందమ్మా, తప్పు చెక్కావని రేపు నన్నంటారు" అన్నాడు. ఎవరూ అనరు, చదవాల్సినవాడు ఒక్కడే, ఆయనకి తెలుసు అన్నాను.

ఇరవై ఏడుకి వచ్చేటప్పుడు నాండింగ్‌ని కూడా తీసుకురా. కొబ్బరికాయ అని వెంటనే చెప్పెయ్యకు, ఇంకో రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకోనీ. సమాధి దగ్గరికి నేను ఫ్లాస్కు తీసుకుపోతాను, చల్లటిదే.

పూరింగ్

తా.క. తొమ్మిది అని చెక్కించాను గాని, ఈసారి కూడా ఆయన దగ్గరికి చెప్పిన రోజుకి చేరలేను, కొంచెం ఆలస్యమవుతుంది. నిమ్మకాయలు ఇంకా కొయ్యాలి, మోకాలు కూడా పెద్ద బాధగా ఏమీ లేదు. ఆయన నిలబడతాడులే.